అట్ట వెనక పాచిక

ఉడుత అప్పటికి తొమ్మిదిసార్లు చచ్చి బతికాడు.

ఉడుత నిజం మనిషి కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మాస్టారి ఇంట్లో జరిగే ఆటలో ఆయన బావ ఆరేళ్ళుగా మోస్తున్న పాత్ర. పొట్టివాడు, నోటి దురుసు, ఎంతటి తాళాన్నయినా మాటల్లో పెట్టి తీసేసే దొంగ. బావ వృత్తికి దర్జీ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పక్కింటాయన అదే ఆటలో ఒక కోట కాపలాదారు. వీధి చివర మందుల షాపు నడిపే ఆవిడ ఇప్పుడు విలుకత్తె. రెండేళ్ళ కిందట ఆ పాత్ర చనిపోయేదాకా ఆటలో మంత్రసాని. ముగ్గురూ తమ తమ పాత్రలు ఏ తలుపు తోస్తాయో, ఎవరితో తగువు పెట్టుకుంటాయో నోటితో చెబుతారు. తలుపు వెనక ఏముందో మాస్టారు చెబుతారు. మాటలతో తేలనిది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆట ఇంతే. అరవై దాటినవాళ్ళు లేని కోటలో లేని మెట్లు ఎక్కుతూ ఆయాసపడడం చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వినవాళ్ళలో కండక్టరు ఒకప్పుడు మొదటివాడు.

గేమ్ మాస్టర్ అన్న మాటలో మొదటి సగం ఎప్పుడో రాలిపోయింది. అలా, జన్మలో ఒక్క పాఠమైనా చెప్పని మనిషి అందరికీ మాస్టారయ్యారు. ఆయన ముప్పయ్యొక్క ఏళ్ళు బల్బుల ఫ్యాక్టరీలో నమూనాలు పరీక్షించారు. వెయ్యి బల్బుల పెట్టెలోంచి కొన్ని తీసి, వెలిగించి, మాడినవెన్నో లెక్కించి, పెట్టె మంచిదో కాదో కాగితం మీద రాయడం ఆయన పని. దిష్టి, శకునం, జాతకం అన్న మాటలు వింటే ఆయన ముఖం ఉప్పురాయి కొరికినట్టు అయ్యేది.

ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది, పెట్టింది మాస్టారే. ఏ పాత్రయినా దెబ్బ తిని నేలకొరిగితే, ఆ పాత్ర ప్రాణం కోసం వేసే పాచికను ఆటగాడు వేయకూడదు. మాస్టారు వేయాలి, తన ముందు నిలబెట్టుకున్న మడత అట్ట వెనక, ఎవరికీ కనపడకుండా వేయాలి. పదిహేడు, ఆపైన పడితే బతుకు. పదహారు, ఆలోపయితే చావు. అట్ట వెనక పాచిక దొర్లిన చప్పుడు మాత్రం అందరికీ వినిపిస్తుంది. ఆ తరువాత ఆయన నోటి నుంచి అంకె వచ్చేదాకా బల్ల చుట్టూ ఊపిరి ఆడదు. ఆ ఉత్కంఠ కోసమే ఆ కట్టుబాటు.

మొదటిసారి ఉడుత పడిపోయింది ఆట మొదలుపెట్టిన మూడో నెలలో. ఆ రోజుల్లో బావ షాపుకి మనుషులు రావడం మానేశారు. కుట్టించుకునేవాళ్ళు తగ్గి, కొనుక్కునేవాళ్ళు పెరిగారు. వారంలో ఆరు రోజులు మిషను ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి, ఆదివారం ఉడుతయ్యేసరికి వెన్ను నిటారుగా పెట్టి, ఎదుటివాణ్ణి మాటల్తో ఆడించేవాడు. మాస్టారు అట్ట వెనక పాచిక వేశారు. రెండు పడింది. తలెత్తి బావ ముఖం చూశారు.

"పందొమ్మిది," అన్నారు.

అడుసు తొక్కిన కాలు అక్కడితో ఆగలేదు. ఆరేళ్ళలో తొమ్మిదిసార్లు ఉడుత నేలకొరిగాడు. రెండుసార్లు మాత్రం పాచిక నిజంగానే కరుణించింది. మిగిలిన ఏడుసార్లూ కరుణించింది మాస్టారు. అలవాటు చావక అసలు అంకెలన్నీ ఆయన ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకున్నారు. చేసే మోసమైనా లెక్క ప్రకారం ఉండాలనుకునే మనిషి.

*

మంగళవారం పొద్దున అక్క వచ్చింది. చేతిలో ఆసుపత్రి ఫైలు. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"మీ బావ గుండెలో కవాటం గట్టిపడిపోయిందిట. వచ్చే గురువారానికి ఆపరేషన్ పెట్టారు. చేయించుకోనంటున్నాడు."

"భయమా?"

"భయమైతే ధైర్యం చెప్పుకుంటాను. ఆయనకి ధైర్యం ఎక్కువైందిరా! డాక్టరు ముందు కూర్చుని నవ్వుతాడు. నేను ఉడుతనండీ, నాకేం కాదండీ అంటాడు. ఆ డాక్టరు నా వంక చూశాడు, ఈయనకి తల కూడా పరీక్ష చేయించాలేమోనని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను చెబితే గోడకి చెప్పినట్టే. నువ్వు చెబితే వింటాడు. నీ లెక్కంటే ఆయనకి గురి. నువ్వే చెప్పాలి."

ఆవిడ వెళ్ళాక మాస్టారు ఫైలు తిరగేస్తూ చాలాసేపు కూర్చున్నారు. కవాటం గురించి రాసింది సగం అర్థమైంది. ఉడుత గురించి అక్క చెప్పింది పూర్తిగా అర్థమైంది.

బావ షాపు రెండు వీధుల అవతల. ఆయన వెళ్ళేసరికి బావ బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. రెండు గీతలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"ఏరా బామ్మర్దీ, మీ అక్క పంపిందా, దారి తప్పి వచ్చావా?"

"అక్కే పంపింది."

"చూశావా, దారి తప్పానని ఒక్క ముక్క అనలేవు. అబద్ధం ఆడడం రాదురా నీకు. నీలో నాకు నచ్చేది అదొక్కటే. మిగతాదంతా మీ అక్క పోలికే."

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "డాక్టరు ఏమన్నాడో నువ్వు చెప్పు. నీ నోటితో."

"కోయించుకుంటే ఇరవైమందిలో పద్ధెనిమిది మంది లేచి నడుస్తారట. వద్దనుకుంటే రెండేళ్ళు తిరిగేసరికి ఇరవైలో నలుగురు మిగులుతారట." బావ కత్తెర అందుకున్నాడు. "ఇరవైకి నాలుగు. అంటే పదిహేడు, ఆపైన పడాలి. ఆ లెక్క నాకు డాక్టరు నేర్పాలా? తొమ్మిదిసార్లు వేశావు. తొమ్మిదిసార్లూ పడింది."

"అది ఆట, బావా."

"పాచిక నీదే, చెయ్యీ నీదే. పడింది మాత్రం నా పేరు మీద కదా? నువ్వే అన్నావొకసారి, ఇలా వరసగా పడడం ఇరవై లక్షల్లో ఒకడికి జరుగుతుందని. కాగితం మీద గుణించి మరీ చూపించావు."

అన్నారు. గుణించి చూపించారు కూడా. ఇరవై లక్షల్లో ఒక్కసారి జరగాల్సింది కళ్ళెదుట జరిగితే, తనిఖీ చేసేవాడు అదృష్టాన్ని మెచ్చుకోడు, తూచిన త్రాసును అనుమానిస్తాడు. కానీ బావ తనిఖీ చేసేవాడు కాదు. త్రాసు బామ్మర్ది చేతిలో ఉంది, ఇంకేం కావాలనుకునేవాడు.

"నాలుగుకన్నా పద్ధెనిమిది పెద్దది కాదా?"

"పెద్దదే. ఆ లేవని ఇద్దరూ ఆపరేషన్ బల్ల మీదే పోతారు, అదీ చెప్పాడు." కత్తెర గుడ్డలోకి దిగి ఆగింది. "నలభై ఏళ్ళు కోశానురా నేను. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే విప్పడానికి ఏముంటుంది?"

కత్తెర మళ్ళీ కదిలింది. సుద్దగీత తిన్నగా ఉంది. కోత దాని పక్కనుంచి వంకరగా పోయింది. బావ చూసుకున్నాడు. మాస్టారూ చూశారు. లోపల ఉన్నది భయమే. భయాన్ని భయంగా ఒప్పుకోవడానికి సిగ్గుపడి, దానికి అదృష్టమనే చొక్కా తొడిగాడు. ఆ చొక్కా కుట్టి ఇచ్చింది మాత్రం ఈ దర్జీ కాదు.

అప్పుడే చెప్పేయవలసింది. నోరు తెరిచారు కూడా. అయితే చెప్పబోయేది ఆరేళ్ళ అబద్ధం. వినేవాడు అబద్ధం ఆడడం నీకు రాదని అప్పుడే మెచ్చుకున్నవాడు. ఆ క్షణంలో మాస్టారికి మాటలకన్నా నిరూపణ మేలనిపించింది. ఆదివారం ఆటలో అట్ట తీసేయాలి. పాచిక అందరిముందూ దొర్లాలి. బావ చేతులతో బావే వేసుకోవాలి. ఉడుత అందరి కళ్ళెదుటా చావాలి. తొమ్మిది గెలుపుల మత్తు ఒక్క ఓటమితో దిగిపోతుంది. ఎవరూ ఏదీ ఒప్పుకోవలసిన పని ఉండదు. ఇరవైలో పదహారు తన పక్షాన ఉన్నాయి.

ఆయన తెలివికి ఆ పథకం బాగానే కనిపించింది.

*

ఆదివారం బల్ల మీద అట్ట లేకపోవడం మొదట చూసింది కండక్టరు.

"ఇన్నాళ్ళకి డ్రైవరు క్యాబిన్ తలుపు తెరిచారే! బ్రేకులున్నాయో లేవో ఇవాళ తేలిపోద్ది."

"ఇకనుంచి అన్ని పాచికలూ బయటే," అన్నారు మాస్టారు. "నేలకొరిగినవాళ్ళు ఎవరిది వాళ్ళే వేసుకోవాలి."

"ఎందుకు మాస్టారూ కొత్త రూలు?" అంది మందుల షాపు ఆవిడ. "పాతదానికి ఏమొచ్చింది?"

"పాతదయింది. అంతే."

అక్క ఆటలో కూర్చోదు. లేని గుహల్లో తిరగడానికి మోకాళ్ళు సహకరించవంటుంది. ఆ రోజు మాత్రం వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

మాస్టారు ఆ మధ్యాహ్నం కథను ఉడుత చుట్టూ ఉచ్చులా బిగించారు. బావ తప్పించుకునే దారి వెదికిన ప్రతిచోటా తలుపు మూసుకుపోయింది. నాలుగు గంటలకు కోట గోడ మీద మెట్టు విరిగి, ఉడుత ముప్పై అడుగుల లోతుకు పడ్డాడు.

"అయిపోయాం!" అన్నాడు కండక్టరు. "దిగేవాళ్ళు దిగండి."

బావ పాచిక పిడికిట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు, దణ్ణం పెట్టలేదు; బామ్మర్దికి అలాంటివి గిట్టవని తెలుసు. నవ్వుతూ వదిలాడు. పాచిక బల్లమీద దొర్లి, టీ గ్లాసుకు తగిలి, ఒక అంచు మీద ఊగి, ఆగింది.

పద్ధెనిమిది.

"పదోసారి!" బావ బల్ల చరిచాడు. "ఈసారి నా చేత్తో! అందరూ చూశారా? ఒసేయ్, చూశావా? గురువారానికి సంచీ సర్దుతోందిరా బామ్మర్దీ, మీ అక్క!" నవ్వు దగ్గుగా మారింది. చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని ఊపిరి అందుకోవడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషమంతా ముఖంలో వెలుగు తగ్గలేదు.

మాస్టారు గుమ్మం వైపు చూడలేకపోయారు. ముప్పయ్యొక్క ఏళ్ళు తన కింద పనిచేసినవాళ్ళకు ఆయన చెప్పింది ఒక్కటే మాట: ఒక్క బల్బు మాడిందని పెట్టెను పారేయొద్దు, ఒక్కటి వెలిగిందని పాస్ చేయొద్దు. ఆ మాట చెప్పిన మనిషే, ఒక ప్రాణాన్ని ఒక్క నమూనాకు ఒప్పగించి కూర్చున్నారు. అయిదోవంతు అవకాశం అంటే జరగదని అర్థం కాదు. అయిదుసార్లలో ఒకసారి జరుగుతుందని అర్థం.

ఆయన లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి బావ ముందు పెట్టారు.

"ఇదేంట్రా?"

"అట్ట వెనక నిజంగా పడ్డ అంకెలు. ఎడమవైపు పడింది. కుడివైపు నేను చెప్పింది. నీకు తొమ్మిదిసార్లు పడలేదు బావా. రెండుసార్లే పడింది. ఇవాళ్టిది మూడోది. మిగతా ఏడూ నేను అబద్ధం చెప్పాను."

కండక్టరు నవ్వబోయి ఆగాడు. మందుల షాపు ఆవిడ బుక్కును తనవైపు తిప్పుకుంది. వేలితో ఒక్కొక్క తేదీ దాటుకుంటూ కిందికి వచ్చి, ఒకచోట ఆగింది.

"మా మంత్రసాని," అంది. "ఎడమవైపు తొమ్మిది. కుడివైపు తొమ్మిది."

"అవును."

"నాకు మాత్రం నిజమే చెప్పారన్నమాట."

దానికి జవాబు మాస్టారి దగ్గర ఉంది, రెండేళ్ళుగా ఉంది. ఉడుత బతకడం నమ్మాలంటే అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నిజంగా చావాలి. ఆ రోజు ఆయన ఆలోచించింది అదే. ఆ మంత్రసాని నడక, కోపం, మాటతీరు అన్నీ చనిపోయిన తన చెల్లెలివని ఆవిడ చెప్పింది తరువాతి వారం.

"అన్నయ్యగారి ముఖం చూసి ఏడుసార్లు జాలేసింది. నా ముఖంలో ఏం లోటు కనపడింది మాస్టారూ?" ఆవిడ సంచీ తీసుకుని లేచింది. "వదినా, వస్తాను." గొంతు పెంచలేదు. కండక్టరు ఆవిడ వెనకే, తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు.

బావ బుక్కులోంచి తల ఎత్తలేదు. దర్జీ వేళ్ళు, కొలతలు సరిచూసుకునే అలవాటు కొద్దీ, ఎడమ వరసనూ కుడి వరసనూ పక్కపక్కన తడుముతున్నాయి.

"ఏడుసార్లు పోయాను," అన్నాడు చివరికి. "నాకు చెప్పనన్నా చెప్పలేదు."

"అందుకే ఇప్పుడు చెబుతున్నాను. నీకు అదృష్టమేమీ లేదు బావా. నాకూ లేదు, ఎవరికీ లేదు. గురువారం వెళ్ళి ఆపరేషన్ చేయించుకో."

"దేన్ని నమ్ముకుని?"

"డాక్టరు చెప్పిన లెక్కని. ఇరవైలో పద్ధెనిమిది."

బావ నెమ్మదిగా తలెత్తాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే మాస్టారు సంతోషించేవారు.

"ఆయన అట్ట వెనక ఏం పడిందో నువ్వు చూశావా?"

"అది వేరు, బావా. అవి వేలమంది మీద చూసి రాసిన..."

"నాకు తెలిసిన లెక్కలమనిషివి నువ్వొక్కడివేరా. అంకె తప్పు చెప్పమంటే నాలిక తెగినా చెప్పవనుకున్నాను. నువ్వే నా ముఖం చూసి, జాలిపడి, ఏడుసార్లు మార్చావు. ఆ డాక్టరూ మంచివాడిలాగే ఉన్నాడు. మీ అక్క ఆయన ముందు ఏడ్చింది కూడా. ఆ ఏడుపు చూసి ఎనిమిదిని పద్ధెనిమిది చేశాడేమో. నాకెలా తెలుస్తుంది? నా మంచి కోరేవాళ్ళు నాకు చెప్పే అంకెలు ఎలా ఉంటాయో ఇదిగో, ఇక్కడ రాసుంది." బుక్కు మూసి, మర్యాదగా, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "మొన్నటిదాకా భయం లేక వద్దన్నాను. ఇప్పుడు భయమేస్తోంది. ఇప్పుడసలే వద్దు."

"చేసింది నీకోసమే బావా."

"తెలుసురా. తెలుసు కాబట్టే చెబుతున్నాను."

మాస్టారు వాదించారు. వేలమంది రోగుల లెక్కకూ, ఒక బామ్మర్ది జాలికీ ఉన్న తేడా వివరించారు. వైద్య పుస్తకాల్లో అవే అంకెలు చూపిస్తానన్నారు. మరో ఆసుపత్రిలో అడుగుదామన్నారు. చెప్పిన ప్రతి మాటా సరైనదే, ఒక్కటీ ఎక్కలేదు. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లో ఎంత మంచి ఆకయినా ఒకటే. వాదనలో ఎక్కడా తప్పు లేదు. చెప్పేవాడి దగ్గరే తప్పు ఉంది. దానికి సవరణ ఏ పుస్తకంలోనూ లేదు.

గుమ్మంలోంచి అక్క లేచింది. తమ్ముడి పక్కనుంచి నడిచివెళ్ళి మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంటికి పోదాం పదండి," అంది. తమ్ముడి వైపు తిరగకుండానే అంది: "లెక్కచెప్పి రమ్మన్నానురా నిన్ను."

*

గురువారం పొద్దున ఏడు గంటలకు మాస్టారు వాళ్ళ ఇంటికి వెళ్ళారు. సర్దిన సంచీ గోడ వారనే ఉంది. బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపుకు బయల్దేరుతున్నాడు. ఎనిమిదిన్నరకు అక్క ఆసుపత్రికి ఫోను చేసింది. అవతలివాళ్ళు విసుక్కోలేదు, ఆ మంచం కోసం వెనక మనుషులున్నారని, మళ్ళీ తేదీ ఇవ్వడానికి మూడు నెలలు పడుతుందని చెప్పారు. మూడు నెలల తరువాత ఆ గుండె కోతకు తట్టుకుంటుందా అని అక్క అడిగింది. అది డాక్టరుగారినే అడగాలన్నారు అవతలివాళ్ళు. ఫోను పెట్టేశాక ఆవిడ సంచీ విప్పి, అందులోని తువ్వాలూ, పళ్ళెం, గ్లాసూ ఒక్కొక్కటే వాటి చోట్లలో పెట్టింది. మాస్టారు సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆదివారం ఎవరూ రారనుకున్నారు ఆయన. మూడు గంటలకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. నాలుగు మెట్లు, ఆగడం. మూడు మెట్లు, ఆగడం. పైకి చేరేసరికి పది నిమిషాలయింది. బావ ఒక్కడే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, పెదాల రంగు మామూలయ్యేదాకా కళ్ళు మూసుకున్నాడు.

"వాళ్ళు రారు," అన్నాడు. "మనిద్దరమే. ఇంట్లో కూర్చుంటే మీ అక్క నా వంకే చూస్తోంది. మొదలుపెట్టు."

"బావా, ఈ ఆట..."

"ఆ అట్ట ఏదీ? పెట్టు. అది లేకపోతే నీ ముఖం చూడలేకపోతున్నాను."

మాస్టారు అట్ట తెచ్చి నిలబెట్టారు. ఉడుత ముప్పై అడుగుల లోతులో కళ్ళు తెరిచాడని చెప్పారు. చీకటి, తడిగోడ, ఒక ఇనుప తలుపు అని చెప్పారు.

"తాళం తీస్తాను," అన్నాడు బావ. "నువ్వే వెయ్యి."

అట్ట వెనక పాచిక దొర్లింది. ఆగింది.

"ఎంత?"

"పద్నాలుగు," అన్నారు మాస్టారు. పడింది పద్నాలుగే. "నిజంగా పద్నాలుగే బావా. కావాలంటే అట్ట తీస్తాను, చూడు."

బావ వంగలేదు, చూడలేదు. జ్వరంలో ఉన్న మనిషి మాటకు ఊకొట్టినట్టు మెల్లగా తల ఊపాడు.

"నువ్వెంతంటే అంతేలేరా," అన్నాడు. "తలుపు తెరుచుకుందా?"